దిష్టి చుక్క పెట్టిన లెన్స్

ఆ కుర్చీ ఇలా దగ్గరికి లాక్కోండి. దూరంగా కూర్చుంటే ఫ్యాను చప్పుడులో సగం మాటలు పోతాయి. చేతిలో పనేదైనా ఉంటే పక్కన పెట్టక్కర్లేదు, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూడా వినొచ్చు, చెవి మాత్రం ఇటుంచండి. నేను అయిదో తరగతితో బడి మానేసిన మనిషిని. రాతంటే నాకు ఉత్తరాలూ, సరుకుల చీటీలూ తప్ప తెలియవు. కాని చూసినదాన్ని మరిచిపోయే అలవాటు మాత్రం దేవుడు నాకివ్వలేదు. మరిచిపోతే బాగుణ్ణు అనుకున్నవి కూడా పోలేదు. ఇప్పుడు చెప్పబోయేది అలాంటిదే.

మా మనవరాలు మేఘన రాజమండ్రిలో నా దగ్గరే ఉండి చదువుకుంటోంది. దానికి ఫోటోల పిచ్చి. కొత్త లెన్స్ కొనాలంటే ఏడాది ఫీజంత అవుతుందట, అందుకని ఫోనులో పాత లెన్సులు వెతుకుతుంది. నా ఈడువాళ్ళు ఎప్పుడో వాడి అటక మీద పడేసినవాటిని ఎవరో దులిపి అమ్మకానికి పెడతారు. ఇది ధర చూస్తుంది, నిట్టూరుస్తుంది, మళ్ళీ చూస్తుంది. చిన్నపిల్లలకి ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బుతో మొన్న ఒకటి కొంది. పార్సిల్ వచ్చింది. పెట్టె విప్పి లెన్స్‌ని కిటికీ వైపు ఎత్తి చూసింది. చూస్తూ చూస్తూ ఉండగానే మొహం ఎర్రబడిపోయింది.

"మోసం మామ్మా! ముందు అద్దం మీద ఇంత గీత ఉంది. ఇది అమ్మినవాడి పేరు, ఊరు, ఫోటో అన్నీ పెట్టి రాసేస్తాను. ఇంకెవ్వరూ వీడి దగ్గర కొనకుండా చేస్తాను" అంటూ ఫోనందుకుంది. దాని వేళ్ళు వడగళ్ళు పడ్డట్టు టపటపలాడుతున్నాయి. నేను చేతిలో చిక్కుడుకాయ కింద పెట్టి, "దొంగ అని రాసేశావా?" అన్నాను. "రాశాను. ఇంకా పంపలేదు." "అయితే పంపకు. ఆ ఫోను బోర్లించి ఇలా వచ్చి కూర్చో" అన్నాను. నా గొంతు ఎలా ఉందో ఏమో, ఎదురు చెప్పకుండా వచ్చి కూర్చుంది. దానికి చెప్పిందే మీకూ చెబుతున్నాను.

నిడదవోలులో మాకు కిరాణా కొట్టు ఉండేది. ముందు కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో ఒక గుమ్మం. ఆ గుమ్మంలో నించుంటే ఒక ముక్కుపుటానికి బెల్లం, ఎండుమిరపకాయలు, తడిసిన గోనె వాసన, రెండో దానికి అమ్మ పోపు వాసన. నాన్నగారు పొద్దున్నే కొట్టు తీయగానే ప్రతి బస్తాలోంచీ రెండు గింజలు తీసి పంటి కింద వేసుకునేవారు. కందిపప్పు కొరికి, చప్పుడుని బట్టి ఎండిందో లేదో చెప్పేవారు. ఆయనకో పట్టు ఉండేది. ఎవరైనా సరుకు బాగాలేదని తిరిగి తెస్తే మాట్లాడకుండా వెనక్కి తీసుకునేవారు. తనకెవరైనా చెడ్డ సరుకిస్తే మాత్రం ఊరుకునేవారు కాదు. వాళ్ళ వాకిట్లోనే నించుని నలుగురూ వినేలా అడిగేవారు. 'చాటున అడిగితే మళ్ళీ చేస్తాడు' అనేవారు. మా బజారులో ఆయన గొంతంటే అందరికీ హడలే.

ఆ ఇంట్లో నాకున్న పేరంతా నా కళ్ళ వల్ల వచ్చిందే. నాకప్పుడు పదమూడేళ్ళు. కొట్టుకి వచ్చిన బియ్యం మచ్చు చూడాలంటే నన్నే పిలిచేవారు. చేట పట్టుకుని వాకిట్లో కూర్చుంటే తెల్లటి బియ్యంలో తెల్లటి రాయి కూడా నా చూపు దాటిపోయేది కాదు. "వాసవి చేట పట్టిందంటే ఇంక పన్నుకి భయం లేదు" అని నాన్నగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. అలా చెప్పినప్పుడల్లా నేను జడ ముందుకేసుకుని ఇంకా బిగుసుకుని కూర్చునేదాన్ని.

మా అన్నయ్య రామం మాత్రం కొట్లో కూర్చోనన్నాడు. మూతపడ్డ ఒక స్టూడియోవాళ్ళ దగ్గర పాత కెమెరా ఒకటి సంపాదించాడు. దాని లెన్స్ మరతిప్పి ఊడదీసే రకం. అందులో బూజు పట్టి ఉంది. మన గోదావరి గాలి సంగతి తెలిసిందే కదా, మూత సరిగ్గా పెట్టకపోతే ఊరగాయకే కాదు, అద్దానికీ బూజు పడుతుంది. దాంతో తీసిన ఫోటోల్లో మనుషులందరూ మంచులో నించున్నట్టు ఉండేవారు. వాడు నాలుగు నెలలు అన్నం ముందు కూర్చుని లెన్స్ మాటే మాట్లాడితే, చివరికి నాన్నగారు కంచంలోంచి తలెత్తకుండా అన్నారు: "ఒక్కటి కొనిపెడతాను. పాతదే. శివరాత్రి లోపల నీ ఫోటోకి పేరొస్తే స్టూడియో పెట్టుకో. రాకపోతే కాటా పట్టుకో. మళ్ళీ నన్నడగొద్దు."

మొగల్తూరులో సూర్నారాయణగారని ఒక ముసలాయన, చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ముప్పై ఏళ్ళు ఫోటోలు తీసినాయన, తన సామాను అమ్మేస్తున్నారని తెలిసింది. బస్సు మారి వెళ్ళాం, నాన్నగారు, అన్నయ్య, నేను. నన్నెందుకు తీసుకెళ్ళారో చెప్పనక్కర్లేదు. ఆయనది పెంకుటిల్లు, అరుగు మీద నులక మంచం. రెండు కళ్ళకీ శుక్లాలు వచ్చి గుడ్లు పాలు పోసినట్టు ఉన్నాయి. మా అడుగుల చప్పుడు విని ముగ్గురని చెప్పేశారు. భార్య మాణిక్యాంబగారు మజ్జిగ ఇచ్చి లోపలి నుంచి అప్పడాల డబ్బా తెచ్చారు. మూత తీస్తే వేయించిన బియ్యం వాసన గుప్పుమంది. బియ్యం మీద పాత పంచె ముక్క, దాని మీద మూడు లెన్సులు, గూట్లో గుడ్లలా. వేయించిన బియ్యం తేమని పీల్చేస్తుందని, పదిహేను రోజులకోసారి మళ్ళీ వేయించి పోయాలని ఆవిడ చెప్పారు.

"ఈ పిల్లని ఎందుకు తెచ్చారండీ?" అన్నారు సూర్నారాయణగారు.

"మా ఇంట్లో కన్నంటే దానిదేనండి. మీ అద్దంలో రాయుంటే ఏరేస్తుంది" అన్నారు నాన్నగారు.

"ఆయ్, అలాగా! అయితే రావే అమ్మలూ. నా సరుకులో దోషాలు ఎలా పట్టాలో నేనే నేర్పుతాను. తర్వాత నీ ఇష్టం."

అని నిజంగానే నేర్పారు. మూడింటిలో ఒకటి నా చేతికిచ్చి, వెనక నుంచి ఆకాశం చూడమన్నారు. తర్వాత ఎదట బ్యాటరీ లైటు పెట్టి ఏటవాలుగా చూడమన్నారు, బూజుంటే సాలెగూడులా మెరుస్తుందట. చెవి దగ్గర ఊపి చూడమన్నారు, లోపల ఏదైనా వదులైతే గలగలమంటుంది. రింగు తిప్పితే కొత్త జాడీ మూతలా మెత్తగా, ఒకే బిగువుతో తిరగాలి. వెలుగు తగ్గించే లోపలి రేకులు మూసుకుని తెరుచుకోవాలి, వాటి మీద నూనె మరకుండకూడదు. "ఇదిగో, అంచున సొట్ట. నేనే సైకిల్ మీంచి పడేశాను. అద్దంలో ఈ పక్కన నువ్వుగింజలో సగమంత బుడగ, పుట్టుకతో వచ్చింది, దానివల్ల బాధ లేదు. ఈ రెండూ ఉన్నాయి. మూడోది ఉంటే నన్నడగండి."

"సొట్టగిన్నెకి సొట్టగిన్నె ధరేనండి" అన్నారు నాన్నగారు.

"సొట్ట బయటుందండి శెట్టిగారూ, పులుసు లోపలుంటుంది" అన్నారాయన. ఇద్దరూ నవ్వుకున్నారు. బేరం ఒక గంట సాగింది. చివరికి ఆయన ఒక మెట్టు దిగి, ఇంక దిగనన్నారు. "వచ్చే నెల్లో రాజమండ్రి డాక్టరుగారు రమ్మన్నారండి. ఒక్క కంటికైనా ఆపరేషను చేస్తానన్నారు. దానికోసమే ఇది. కన్ను కోసం కన్ను అమ్ముకుంటున్నానండి" అన్నారు.

నాన్నగారు నా వైపు తిరిగారు. "ఏవే, గీతలేవన్నా ఉన్నాయా? బాగా చూసి చెప్పు." నేను లెన్స్‌ని సూర్యుడికి అడ్డంగా, ఏటవాలుగా, వెనక నుంచి, ముందు నుంచి తిప్పి తిప్పి చూశాను. "లేవు నాన్నగారూ. నీళ్ళలా ఉంది" అన్నాను. ఆ మాట గుర్తుపెట్టుకోండి. నాకైతే ఇప్పటికీ నాలుక మీద ఉంది.

ఇంటికి తెచ్చాం. అమ్మ కూడా ఒక డబ్బాలో బియ్యం వేయించి పోసింది. అన్నయ్య దాన్ని తీసినప్పుడల్లా చంటిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులూ పెట్టేవాడు. ఇంతలో దసరా వచ్చింది.

మా కొట్లో ఆయుధ పూజ ఏర్పాటంతా నాదే. ముందు రోజే కాటా, తూకపు గుండ్లు, సోల, తవ్వ, గల్లాపెట్టె అన్నీ చింతపండుతో తోమి బోర్లించేదాన్ని. పండగ పొద్దున్న సాన మీద గంధం తీసి ఒక్కోదానికీ పసుపు, గంధం, కుంకుమ పెట్టేదాన్ని. మనకి అన్నం పెట్టే వస్తువుకి బొట్టు లేకుండా పూజలో పెడితే అలుగుతుందని మా అమ్మ నమ్మకం. ఆ ఏడు అన్నయ్య కెమెరా కూడా వరసలో చేరింది. వాడు కాలవకి స్నానానికి వెళ్ళాడు. నేను దాన్ని పీట మీద పెట్టి చూశాను. గుండుకి నడినెత్తిన పెట్టాను, కాటాకి పైదూలం మధ్యలో పెట్టాను. మరి దీనికి నుదురెక్కడ? మూత తీస్తే గుండ్రంగా, చల్లగా ఆ అద్దం నా మొహం చూపించింది. ఇదే నుదురనిపించింది. సరిగ్గా మధ్యలో చిక్కటి గంధం బొట్టు పెట్టి దాని మీద కుంకుమ అద్దాను. అమ్మ హారతి ఇస్తూ చూసి, "ఎంత కళగా ఉందే!" అంది. ఇంట్లో ఒక్కరికీ తప్పనిపించలేదు. పూజయ్యాక అన్నయ్య వచ్చేలోపు పువ్వు తీసేసి మూత పెట్టేశాను.

రెండు రోజులు పోయాక వాడు రావులపాలెం ప్రయాణం కడుతున్నాడు. అక్కడ అరటికాయల వ్యాపారం చేసే వీర్రాజుగారి షష్టిపూర్తి. నాన్నగారికి పాత స్నేహితుడు, ఫోటోలు మావాణ్ణే తియ్యమన్నారు. అంత పెద్దింటి పని వాడికదే మొదటిసారి. అది బాగా వస్తే శివరాత్రి దాకా ఆగక్కర్లేదు. అప్పుడు గుర్తొచ్చింది నాకు బొట్టు. గబగబా డబ్బా తీశాను. గంధం ఎండి పొక్కులా అంటుకుపోయి ఉంది. తడిగుడ్డతో తుడిస్తే చుట్టూ ఎర్రగా అలుముకుందే కాని నడిమిది రాలేదు. గోరుతో గీకాను, రాలేదు. వీధిలో అన్నయ్య సైకిల్ గంట మోగింది. పరికిణీకి ఉన్న పిన్నీసు తీసి దాని మొనతో పొక్కుని లేపాను. లేచింది. దాంతో పాటు 'కిర్రు' మని ఒక సన్నటి చప్పుడు. తుడిచి వెలుగుకి పెట్టి చూస్తే, సగం బియ్యపు గింజంత గీత, సరిగ్గా మధ్యలో.

 అన్నయ్య లోపలికొచ్చి, "ఏం చేస్తున్నావే?" అన్నాడు. "దుమ్ము తుడుస్తున్నాను" అన్నాను. "బంగారుతల్లివే" అని నా నెత్తి మీద ఒకటి వేసి, మూత బిగించి సంచిలో పెట్టుకున్నాడు.

షష్టిపూర్తికి మేమందరం వెళ్ళాం. పందిట్లో అరటి గెలలు, పన్నీరు, నేతి వాసన, వేదమంత్రాలు. నాకు వాడి కెమెరా చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.  బూరెలు వడ్డిస్తే చేత్తో చిదుపుతూ కూర్చున్నాను. సాయంత్రం ఇంటిల్లిపాదికీ కలిపి ఫోటో అన్నారు. వీర్రాజుగారు, భార్య, మధ్యలో ఆయన తొంభై ఏళ్ళ తల్లి, చుట్టూ నలభైమంది. ఆవిడ ఫోటో అప్పటిదాకా ఎవరూ తియ్యలేదట. వాళ్ళందరూ తూర్పుముఖంగా కూర్చున్నారు. సూర్యుడు వాళ్ళ వెనకాల, సరిగ్గా అన్నయ్య కళ్ళలోకి.

"బాబాయిగారూ, కొంచెం ఇటు తిరిగి కూర్చుంటే మొహాల మీద వెలుగు పడుతుందండి" అన్నాడు అన్నయ్య.

"పడమటి మొహం పెట్టి కూర్చోమంటావా, షష్టిపూర్తి నాడు? సూర్యుణ్ణే ఇటు రమ్మను అబ్బాయ్!" అన్నారు వీర్రాజుగారు. పందిరంతా నవ్వింది. వాడు నవ్వి, నుదుటి చెమట తుడుచుకుని నొక్కాడు.

ఇంటికొచ్చాక మెట్ల కింద చీకటి గదిలో ఫోటోలు కడిగి, బట్టల క్లిప్పులతో తాడుకి వేలాడదీశాడు. లోపల తీసినవన్నీ ముత్యాల్లా వచ్చాయి. చివరిది, అందరి ఫోటో, నీళ్ళలోంచి తీసి పట్టుకున్నాడు. మధ్యలోంచి తెల్లటి పొగ లేచినట్టుంది. అంచుల్లో పిల్లల మొహాలు తెలుస్తున్నాయి. నడుమ ఆ పెద్దావిడ కూర్చున్న చోట చీర అంచు ఉంది, మొహం లేదు.  వాడు లెన్స్ తీసి బ్యాటరీ లైటు వేసి ఏటవాలుగా చూశాడు. "నాన్నగారూ, గీతుందండి" అన్నాడు. అంతే.

నాన్నగారు నన్ను పిలిచారు. కొట్టుకీ ఇంటికీ మధ్య గుమ్మంలో నించున్నాను. "వాసవీ, ఆ రోజు నువ్వు చూశావు. అప్పుడీ గీత ఉందా, లేదా?"

లేదంటే, అది మా ఇంట్లో పడిందే. ఎవరి చేతిలో అని అడుగుతారు. ఉందంటే, చూసి కూడా చెప్పలేదన్నమాట. నా కంటి పేరు పోతుంది. నాకు తోచిందల్లా మధ్యలో ఉన్న సందు. "గమనించలేదు నాన్నగారూ" అన్నాను. ఆయన నన్నేమీ అనలేదు. "చిన్నపిల్లవి, నిన్ను మాయచేశాడు ముసలాడు. దోషాలు తనే చూపిస్తున్నట్టు నటించి అసలుది దాచాడు" అన్నారు. ఆయనకి మోసం జరిగిందన్న కోపం కంటే, తన కూతురి కన్నుని ఎవరో ఓడించారన్న కోపమే ఎక్కువగా ఉంది. "పద, రేపు నువ్వూ రావాలి. నీ ఎదటే అడుగుతాను."

మర్నాడు నాన్నగారూ నేనూ బస్సెక్కాం. ఆయన లెన్స్ కండువాలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నారు. కాలవ గట్ల పొడుగునా వరి పొట్ట మీదుంది. నేను ప్రతి ఊరి దగ్గరా, ఈ ఊరు దాటాక చెప్పేస్తాను అనుకున్నాను. ఊళ్ళు దాటిపోయాయి. నరసాపురంలో బస్సు మారాం. మొగల్తూరులో దిగేటప్పుడు నోరు తెరిచాను కాని, ఆయన అప్పటికే పెద్ద అంగలేస్తూ ముందుకెళ్ళిపోయారు.

"ఏవండీ సూర్నారాయణగారూ! బయటికి రండి!" వీధిలోనే నించుని కేకేశారు. పక్కిళ్ళ ఆడవాళ్ళు గుమ్మాల్లోకొచ్చారు. అరుగు మీద వల అల్లుకునే ఆయన దారం ఆపాడు. "చూపు లేనివారు కదా అని నేను జాలిపడితే, కళ్ళున్న మాకే గంతలు కట్టారే! గీత పడిన సరుకు అంటగట్టారే!"

సూర్నారాయణగారు గోడ పట్టుకుంటూ వచ్చి లెన్స్ అందుకున్నారు. కళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి, లాభం లేక, బొటనవేలి గోరుతో అద్దం మీద మెల్లగా తడిమారు. మధ్యలో గోరు ఆగింది. "ఉందండి. తగులుతోంది" అన్నారు. దబాయించి ఉంటే నాకు బలమొచ్చేదేమో. ఆయన దబాయించలేదు. ఎవరితోనో చెప్పుకుంటున్నట్టు, "అంటే ఇది కూడా చూడలేనంతగా పోయిందన్నమాట నా కన్ను. తెలియకుండానే మిమ్మల్ని మోసం చేశానండి" అన్నారు. తర్వాత లోపలికి తిరిగి, "మాణిక్యం, ఆ డబ్బు పట్టుకురా" అన్నారు.

ఆవిడ గుమ్మంలో కదల్లేదు. "పది రోజుల్లో ఆసుపత్రి కదండీ" అన్నారు.

"తీసుకురా. ముప్పై ఏళ్ళలో నా వాకిట్లో నించుని ఎవ్వరూ ఈ మాట అనలేదు."

ఆవిడ లోపలికెళ్ళారు. ట్రంకుపెట్టె గొళ్ళెం తీసిన చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు అచ్చం నా పిన్నీసు చప్పుడులాగే ఉంది.

"నేనే!" అన్నాను. నా గొంతు నాకే వింతగా, గట్టిగా వినిపించింది. "నేనేనండీ గీసింది. దసరాకి అద్దం మీద బొట్టు పెట్టాను. రాకపోతే పిన్నీసుతో గీకాను. ఆ రోజు గీత లేదు నాన్నగారూ, నీళ్ళలా ఉంది. గమనించలేదని అబద్ధం చెప్పాను. కావాలంటే వాసన చూడండి."

సూర్నారాయణగారు లెన్స్ ముక్కు దగ్గర పెట్టుకుని, అంచు గాడిలో వాసన పీల్చారు. "మంచి గంధం" అన్నారు. ఆయన మొహం చూడాల్సింది. చెయ్యని తప్పు దిగిపోయినందుకు కాదు, తన కన్ను తను అనుకున్నంతగా పోలేదని తెలిసినందుకు వెలిగింది. పక్కింటావిడ, "అయ్యబాబోయ్, కెమెరాకి బొట్టు పెట్టిందంటర్రా!" అని నోటి మీద చెయ్యేసుకుంది.

నాన్నగారు కొడతారనుకున్నాను. కొట్టలేదు. అరుగు మెట్టు మీద కూలబడి, భుజం మీద కండువా తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. లోపలికి చూసి, "అమ్మా, ఆ పెట్టె మూసెయ్యండి" అన్నారు. తర్వాత లేచి వీధి వైపు తిరిగి, ఇందాకటి గొంతుతోనే, అంత గట్టిగానే అన్నారు: "నేనిందాక అన్న మాట విన్నవాళ్ళందరూ ఇదీ వినండి. సరుకు మంచిదే. చెడగొట్టింది మా ఇల్లు. ఈయన మాటలో తేడా లేదు." వల అల్లే ఆయన తలూపి మళ్ళీ దారమందుకున్నాడు. క్షమించమని అడగడం నాన్నగారికి చేతకాదు. కాసేపయ్యాక మాత్రం, "ఆపరేషనుకి వెళ్ళినప్పుడు రాజమండ్రిలో మా బావమరిది ఇంట్లో దిగండి. ఆసుపత్రికి దగ్గర. నేనొచ్చి తీసుకెళ్తాను" అన్నారు.

మేం లేవబోతుంటే సూర్నారాయణగారు నా చెయ్యి పట్టుకున్నారు. "ఆగవే అమ్మలూ. గీత గీతే, దాన్ని పోగొట్టలేం. కాని అది వెలుగుని చెదరగొట్టకుండా నోరు మూయించొచ్చు." ఫోటోల మీద మచ్చలు దిద్దే నల్ల సిరా బుడ్డి, రెండే వెంట్రుకలున్న కుంచె తెప్పించారు. "గీతలో సిరా నింపాలి. గీత దాటి ఒక్క చుక్క బయటికి రాకూడదు. నా కంటికి ఆనదు. నువ్వే పెట్టాలి." నేను వెనక్కి జరిగాను. ఆ అద్దాన్ని మళ్ళీ ముట్టుకోవాలంటే నాకు ప్రాణం పోతున్నట్టుంది. "నాకొద్దండీ" అన్నాను. "పాడుచేసిన చెయ్యికే దాని చోటు తెలుస్తుంది. ఊపిరి బిగపట్టు" అని నా మణికట్టు కింద తన అరచెయ్యి ఆనించారు. ఆయన చెయ్యి కూడా వణుకుతోంది. రెండు వణుకులూ ఒకదానికొకటి ఆనుకుని ఎలా నిలిచాయో తెలియదు కాని, కుంచె మొన గీతలో దిగింది. నల్లటి సిరా గీత పొడుగునా పాకి ఆగింది.  నాన్నగారు ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది.

"నువ్వు బొట్టు పెట్టావు కాని దిష్టి చుక్క మరిచిపోయావు. ఇప్పుడు సరిపోయింది" అన్నారాయన.

తర్వాత సంగతి తొందరగానే చెబుతాను. నాన్నగారే రావులపాలెం వెళ్ళి, జరిగింది దాచకుండా చెప్పి, ఇంకోసారి కూర్చోమని వీర్రాజుగారిని అడిగారు. ఆయన పొట్ట పట్టుకుని నవ్వి, ఈసారి ఎటు తిరగమంటే అటు తిరుగుతానన్నారు. ఆ పెద్దావిడ మాత్రం తూర్పుకే కూర్చుంటానంది. సరేనని అన్నయ్య సూర్యుడికి ఎదురుగానే తీశాడు, పక్కన నేను నల్ల గొడుగు పట్టుకుని లెన్స్ మీద నీడ వేశాను. ఆవిడ మొహం ముడతలతో సహా వచ్చింది. అన్నయ్య స్టూడియో పెట్టాడు, నా పెళ్ళయ్యేదాకా ఎండలో ఎక్కడ ఫోటో తీసినా గొడుగు నాదే. సూర్నారాయణగారికి ఒక కన్ను వచ్చింది. దళసరి కళ్ళజోడు పెట్టుకుని మా కొట్టుకొచ్చి ఆ లెన్స్ తెమ్మన్నారు. ఆకాశానికెత్తి చూసి, "గీత దాటలేదే!" అని, ఆ మాటే రెండుసార్లు అన్నారు.

 ఇదంతా విన్నాక మేఘన ఫోను తిప్పి, అమ్మకం పెట్టిన ఫోటోలు మళ్ళీ మొదటి నుంచీ చూసింది. ఏడో ఫోటో దగ్గర ఆగింది. అందులో గీతుంది. అమ్మినతను దాని చుట్టూ ఎర్రగా సున్నా కూడా చుట్టాడు. ఇది ఆరో దాకానే చూసి, ధర తక్కువని ఎగిరి గంతేసి కొనేసింది. "మామ్మా..." అని నాలుక్కరుచుకుని, రాసిందంతా చెరిపేసింది.

నేనాలోచిస్తూ ఉండిపోయాను. ఆ రోజుల్లో ఒక మనిషిని దొంగ అనాలంటే రెండు బస్సులు మారి అతని వాకిట్లో నించోవాల్సి వచ్చేది. అతని మొహం చూడాల్సి వచ్చేది, ట్రంకుపెట్టె చప్పుడు వినాల్సి వచ్చేది. తప్పు మనదైతే అదే వాకిట్లో, అదే గొంతుతో వెనక్కి తీసుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు మంచం మీద పడుకుని వెయ్యిమందికి చెప్పేయొచ్చు, పెట్టె చప్పుడు వినపడదు. అలాగని ఆ కాలమే మంచిదని నేననను. ఆ కాలంలోనే కదా నేను ఒక గుడ్డి ముసలాయన కన్నుని పది ఊళ్ళ దూరం నోరు మూసుకుని మోసుకెళ్ళింది. అదృష్టం కొద్దీ ఆ వాకిలి అంత దూరంలో ఉంది, చెప్పడానికి నాకు అంత దారి దొరికింది. ఆ దారంతా వాడుకుని, చివరి అడుగులో చెప్పాను.

"ఆ లెన్స్ ఏమైంది మామ్మా?" అంది మేఘన. అన్నయ్య పోయాక వదిన నాకే ఇచ్చింది. వంటింట్లోకెళ్ళి అప్పడాల డబ్బా తెచ్చి మూత తీశాను. వేయించిన బియ్యం వాసన. దాని కళ్ళు ఇంతంతయ్యాయి. "నేను పాత లెన్సుల కోసం దేశమంతా వెతుకుతుంటే నువ్వు అప్పడాల డబ్బాలో పెట్టుకున్నావా!" "నువ్వడగలేదే. నన్నెప్పుడైనా అప్పడాలు కావాలనడిగావా?" అన్నాను. అది పకపకా నవ్వుతూ, ఏదో రింగు మధ్యలో పెట్టి, తన కెమెరాకి దాన్ని బిగించింది. కిటికీలోంచి సాయంత్రపు ఎండ నేరుగా పడుతోంది. "మామ్మా, అక్కడే కూర్చో, కదలకు" అంది. కదలకూడదనే అనుకున్నాను. కాని అది కన్నానించి నొక్కబోయే వేళకి, మోకాళ్ళ నొప్పి కూడా మరిచిపోయి లేచి, ఎండకి అడ్డంగా, ఆనాటి గొడుగులా, లెన్స్ మీద నా చెయ్యి పెట్టేశాను. ఆ ఫోటోలో నేను లేను. నా చేతి నీడ మాత్రం ఉంది.

ఇంతసేపూ విన్నారు, మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ డబ్బాల్లో బియ్యానికి తేమ తగలకూడదు. మీ పెద్దల కళ్ళకి వెలుగు తగ్గకూడదు, మీ పిల్లల చేతులు ఏది పాడుచేసినా వాళ్ళ నోటికి చెప్పే ధైర్యం రావాలి. మీ వాకిట్లో ఎవరూ వచ్చి చెయ్యని తప్పు అడగకూడదు. మీ గడపకి ఏ దిష్టీ తగలకుండా, ఎక్కడో ఒక మూల ఒక నల్ల చుక్క కాపలా ఉండాలి.